వ్యాపార పాఠంలో కథకు చోటుందా?

పోయిన ఉగాదికి మన హాల్లో పంచాంగ శ్రవణం జరుగుతున్నప్పుడు మా అమ్మాయి నా పక్కనే కూర్చుంది. పిల్లలకు ఆ అరగంట గడవడం ఎంత కష్టమో సభ్యులందరికీ తెలిసిందే. తిథి వార నక్షత్రాలు దాటేదాకా కుర్చీలో మెలికలు తిరుగుతూనే ఉంది. రాశుల వారీగా ఆదాయ వ్యయాలు మొదలయ్యేసరికి మాత్రం నిటారుగా కూర్చుంది. వాళ్లమ్మ రాశికి ఆదాయం 2, వ్యయం 14 అని వినగానే పకపకా నవ్వింది. రాజపూజ్యం, అవమానం అంటే ఏమిటని అడిగి తెలుసుకుంది. కాసేపు ఆలోచించి, "నాన్నా, మా బిజినెస్ క్లాసులో ఆదాయం, ఖర్చు రెండే చెప్పారు. అవమానం కూడా లెక్కలో రాస్తారా?" అంది.

నవ్వి ఊరుకున్నాను. అవతల పులిహోర వాసన వస్తుంటే అంతకన్నా ఏం చెప్పగలం? అయితే ఏడాది తిరక్కముందే ఆ ప్రశ్న మళ్లీ నా ముందుకొచ్చి నిలబడింది. ఎలా వచ్చిందో చెప్పి, దాని మీద నాకు తోచిన నాలుగు మాటలు పంచుకుందామని ఈ వ్యాసం.

మా అమ్మాయి చదివే బడిలో ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా వారానికి ఒక పీరియడు డబ్బు గురించి, వ్యాపారం గురించి చెబుతారు. మన కాలంలో ఇలాంటిది లేదు. ఇంటర్లో సీఈసీ తీసుకున్నవాళ్లకే ఆ మాటలు. ఎంపీసీ, బైపీసీ వాళ్లం ఆ గది వైపు చూసేవాళ్లమే కాదు. ఇప్పుడు కాలం మారింది. 2021లో సీబీఎస్ఈ ఆరో తరగతికి ఆర్థిక అక్షరాస్యత మీద పుస్తకం తెచ్చింది. 2025లో వచ్చిన ఎన్‌సీఈఆర్‌టీ ఏడో తరగతి సాంఘికశాస్త్రంలో వస్తుమార్పిడి నుంచి డబ్బు దాకా ఒక పాఠం, మార్కెట్ల మీద ఇంకో పాఠం ఉన్నాయి. ఇక్కడ బహ్రైన్‌లో ఇంజాజ్ అనే సంస్థ 2005 నుంచి కంపెనీల్లో పనిచేసేవాళ్ల చేత బడి పిల్లలకు వ్యాపార పాఠాలు చెప్పిస్తోంది. అమెరికాలో 1919లో పుట్టిన జూనియర్ అచీవ్‌మెంట్ కుటుంబంలోదే ఇదీ. కాబట్టి ఏడో తరగతి పిల్లకు వ్యాపారం ఎందుకండీ అని ఇప్పుడెవరూ అడగడం లేదు. ఎలా చెప్పాలన్నదే చర్చ.

జనవరిలో వాళ్ల టీచరు ఇచ్చిన పని "డిజిటల్ స్టోరీటెల్లింగ్". ఏదైనా ఒక వ్యాపారం కథను ఫొటోలు, గొంతు, కాస్త సంగీతం కలిపి మూడు నిమిషాల వీడియోగా చెప్పాలి. మా అమ్మాయి ఒక ప్రపంచ ప్రసిద్ధ ఫోన్ కంపెనీని తీసుకుంది. రెండు గంటల్లో వీడియో తయారైంది. బొమ్మలు ఇంటర్నెట్‌లోవి, మాటలు ఇంటర్నెట్‌లోవి, గొంతు కృత్రిమ మేధది. ఒక అమెరికా పెద్దమనిషి మా భోజనాల బల్ల మీద కూర్చుని మాట్లాడుతున్నట్టే ఉంది. సంగీతం వింటే రాకెట్ ఎగురుతున్నట్టుంది. తరగతిలో చప్పట్లు కొట్టారు, సర్టిఫికెట్ ఇచ్చారు.

"ఆ కంపెనీ మొదటి నెల అద్దె ఎలా కట్టింది?" అని అడిగాను. తెలియదంది. "నష్టం వచ్చిన ఏడాది జీతాలు ఎక్కణ్ణుంచి ఇచ్చారు?" అదీ తెలియదు. "ఏవండీ, మార్కులు వచ్చాయి కదా, ఇంకా ఎందుకు దాన్ని వేధిస్తారు?" అంది మా ఆవిడ. ఆమె డాక్టరు, డ్యూటీ దిగి వచ్చి ఉంది, కోపంలో న్యాయం ఉంది. అయినా నాకు మనసొప్పలేదు. అందుకో కారణం ఉంది.

మా నాన్నగారిది తెనాలిలో చిన్న కిరాణా కొట్టు. ఎర్ర అట్ట వేసిన అరువు పుస్తకం ఒకటి గల్లాపెట్టె పక్కన ఉండేది. అందులో వసూలు కాని పేజీలే చివరికి కొట్టును మింగేశాయి. నేను ఇంజనీరింగ్‌లో చేరిన ఏడాది తలుపులు మూసేశారు. ఆ తర్వాత మా ఇంట్లో కొట్టు ఊసెత్తడం ఆగిపోయింది. నా బిడ్డకు తాతగారు "బిజినెస్ చేసేవారు" అని మాత్రమే తెలుసు. మనలో చాలామంది ఇళ్లలో ఇలాంటి కథ ఒకటి అటక మీద ఉంటుందని నా అనుమానం. గెలిచిన కంపెనీల కథలు పిల్లలకు యూట్యూబ్ చెబుతుంది. ఓడినవాళ్ల కథలు మనం చెప్పం. ఇక బడి కూడా చెప్పకపోతే వాళ్లకు తెలిసే దారేది?

ఈ డిజిటల్ కథల పద్ధతి ఎక్కడ పుట్టిందో తెలుసుకుంటే సంగతి ఇంకా స్పష్టమవుతుంది. 1990లలో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో జో లాంబర్ట్, డేనా ఆచ్లీ అనే రంగస్థలం వాళ్లు, వాళ్ల మిత్రులు దీన్ని మొదలుపెట్టారు. కెమెరా ముందుకు ఎన్నడూ రాని మామూలు మనుషుల్ని పిలిచి, వాళ్ల ఇంటి ఆల్బంలోని ఫొటోలతో, వాళ్ల సొంత గొంతుతో చిన్న కథలు చేయించారు. 2001లో బీబీసీ వేల్స్‌లో ఊరూరా తిరిగి అదే పని చేసింది. సుమారు 250 మాటలు, ఓ డజను ఫొటోలు, రెండు నిమిషాలు, అంతే. కథ చెప్పేవాడి గొంతే దానికి ప్రాణమని లాంబర్ట్ బృందం మొదటి నుంచీ చెబుతూనే ఉంది. మా అమ్మాయి వీడియోలో లేనిది సరిగ్గా అదే.

మనకిది మరీ కొత్త కూడా కాదు. తెలంగాణలో చేర్యాల పటాలు చూసినవాళ్లకు నేను చెప్పాల్సిన పని లేదు. గజాల కొద్దీ గుడ్డ మీద వరసగా బొమ్మలు వేసి, ఒక్కో గడినీ విప్పుతూ కథకుడు పాడతాడు. కూనపులివాళ్లు పద్మశాలీల ఇళ్ల ముందు అలా మార్కండేయ పురాణం చెప్పేవారు. నేతపని భూమ్మీదికి ఎలా వచ్చిందో నేతగాళ్లకే బొమ్మల్లో చూపించేవారన్నమాట. ఒక వృత్తి కథను బొమ్మా గొంతూ కలిపి ఆ వృత్తివాళ్ల మధ్యనే చెప్పడం మనవాళ్లు ఏ కంప్యూటరూ లేకుండా చేశారు.

సరే, కథ కావాలంటే అమెరికా దాకా ఎందుకు వెళ్లాలి? మనం కాపురముంటున్న ఈ ద్వీపమే ఒక పెద్ద చిట్టా పుస్తకం. సుమారు క్రీస్తుపూర్వం 1750 నాటి మట్టిపలక ఒకటి బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. ఊర్ నగరంలోని ఏయా నాసిర్ అనే వర్తకుడికి నాన్నీ అనే ఖాతాదారు రాసిన ఫిర్యాదు అది. నాసిరకం రాగి అంటగట్టావు, నేను పంపిన మనిషిని అవమానించావు అన్నది దాని సారాంశం. ఆ రాగి వ్యాపారం నడిచింది దిల్మున్ మీదుగా, అంటే మన బహ్రైన్ మీదుగా. చూశారా, దాదాపు నాలుగు వేల ఏళ్ల కిందటి వ్యాపారపత్రంలో కూడా అవమానం పద్దు ఉంది! ఇక డబ్బంటారా, ఇక్కడ ఒకప్పుడు చెలామణిలో ఉన్నది మన రూపాయే. 1959లో గల్ఫ్ కోసం విడిగా రూపాయి నోట్లు వేశారు. 1965లో దినారు వచ్చినప్పుడు పది రూపాయలకు ఒక దినారు చొప్పున మార్చుకున్నారు. ఈ రెండు సంగతులతోనే పిల్లలకు నెల రోజుల పాఠం నడపవచ్చు.

అన్నిటికన్నా నాకు నచ్చే పాఠం ముత్యాలది. ముహర్రఖ్‌లోని ముత్యాల దారిని 2012లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. మనం ఇండియా నుంచి వచ్చిన బంధువులకు అక్కడి పాత ఇళ్లు, చెక్క తలుపులు చూపించి ఫొటోలు తీసుకుని వచ్చేస్తాం. ఆ తలుపుల వెనక లెక్క వేరే ఉంది. వేసవి నాలుగు నెలలూ నావలు సముద్రం మీదే ఉండేవి. బయలుదేరే ముందే నావ నడిపే నఖుదా దగ్గర మునిగేవాడు అడ్వాన్సు తీసుకుని ఇంట్లో ఇచ్చి వెళ్లేవాడు. నఖుదా ఆ డబ్బును షాహుకారు దగ్గర తెచ్చేవాడు. తిరిగొచ్చాక ముత్యాలు అమ్మి, తిండి ఖర్చులు మినహాయించి, వాటాలు పంచి, అప్పు కోసుకునేవారు. ముత్యాలు తక్కువ పడిన ఏడాది అప్పు మిగిలిపోయేది. అప్పు తీరకుండా ఇంకో నావ ఎక్కడానికి లేదు. తండ్రి పోతే కొడుకు మీద పడేది. 1920లలో వచ్చిన సంస్కరణల్లో ముఖ్యమైన ఒకటి ఏమిటో తెలుసా? మునిగే ప్రతి మనిషికీ తన లెక్క రాసిన పుస్తకం చేతికివ్వాలన్నది. అంతకు ముందు తన బాకీ ఎంతో నఖుదా చెబితేనే అతనికి తెలిసేది. తర్వాత జపాన్ నుంచి మికిమోటో పెంపకపు ముత్యాలు వచ్చాయి, ప్రపంచమంతా ఆర్థికమాంద్యం వచ్చింది, ముత్యాల వ్యాపారం కూలింది. 1932లో ఇక్కడ చమురు పడింది. మన అమ్మమ్మలు "బస్రా ముత్యాలు" అని మురిసిపోయినవి ఈ గల్ఫ్ నీళ్లలోవే. బొంబాయి మీదుగా హైదరాబాద్ చేరి పత్తర్‌గట్టీ దుకాణాల్లో దండలయ్యాయి. హైదరాబాదు ముత్యాల దండ వేసుకుని స్టేజి ఎక్కే మన పిల్లలకు దాని వెనక ఎవరి అప్పు ఉందో చెబితే వ్యాపార పాఠం ఎంత నిండుగా ఉంటుంది!

ఇదంతా మా అమ్మాయికి ఓ శుక్రవారం పొద్దున చెప్పి, "ఇప్పుడు నీకు దగ్గరలో ఉన్న వ్యాపారం ఒకటి పట్టుకో, మార్కుల కోసం కాదు, నా కోసం" అన్నాను. మా వీధి చివర జగిత్యాల నుంచి వచ్చిన దర్జీ ఒకాయన ఉన్నారు. మన ఆడవాళ్ల జాకెట్లు, పిల్లల నృత్యాల దుస్తులు చాలావరకు ఆయన మిషను మీదివే. మూడు సాయంత్రాలు వెళ్లి కూర్చోవాలని, మొదటి రెండు రోజులు ఫోను బయటికి తీయకూడదని, నోటు పుస్తకమే తీసుకెళ్లాలని షరతు పెట్టాను. నేనూ పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను.

మొదటి రోజు ఆయన సిగ్గుపడ్డారు. రెండో రోజు లెక్క చెప్పారు. అద్దె నెలకు 150 దినార్లు. జాకెట్టు కుట్టుకూలి 3 దినార్లు. లైనింగు, దారం, హుక్కులకు అందులో 500 ఫిల్సు పోతుంది. మా అమ్మాయి పుస్తకంలో భాగహారం వేసి తలెత్తింది. "అంకుల్, అంటే అరవై జాకెట్లు కుడితే కదా అద్దె! మీకు మొదటి ఫిల్సు మిగిలేది ఎప్పుడు?" ఆయన నవ్వారు. "అరవై ఒకటో జాకెట్టు కాడ కరెంటు బిల్లు ఉంటది బిడ్డా. దాని ఎనుక రెండో మిషను మీద కూసున్న పోరని జీతం. ఆ తర్వాత నేను." బ్రేక్ ఈవెన్ అనే మాట తన పుస్తకంలో రంగుల డబ్బాలో అచ్చువేసి ఉందని మా అమ్మాయికి దారిలో గుర్తొచ్చింది. ఆ పాఠం పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకుందట. అప్పుడు అర్థం కాలేదంది.

మూడో రోజు ఫొటోలు. మిషను, కత్తెర, గోడకు వేలాడే చీరల సంచులు, ఆయన వేళ్లు. బల్ల మీద నీలం అట్ట పుస్తకం ఒకటి ఉంది, బాకీలది. మా అమ్మాయి అది తెరిచి ఫొటో తీయబోతే ఆయన దాని మీద చెయ్యి పెట్టారు.

"నా లెక్క ఎంతన్నా చెప్పుకో బిడ్డా. ఇండ్ల మంది పేర్లున్నయ్. గది చూపియ్యకు."

అప్పటికే ఆలస్యమైంది. పిల్ల కళ్లు చురుకు. పేజీలో మూడో పేరు నాది. దసరాకు కుట్టించిన నాలుగు జాకెట్లు, 12 దినార్లు. మా ఆవిడ నేను బెనిఫిట్ పేలో పంపేశాననుకుంది. నేను ఆవిడ ఇచ్చేసిందనుకున్నాను. జనవరి నెల సగం దాటింది. ఇంటికి నడుస్తూ మా అమ్మాయి నోటి లెక్క వేసింది. "పన్నెండులో సామాను పోతే పది. రోజుకు అద్దె ఐదు. రెండు రోజుల అద్దె మన దగ్గరే ఉంది నాన్నా." నేనేమీ మాట్లాడలేదు. తెనాలి ఎర్ర అట్ట పుస్తకం కళ్ల ముందు కనబడింది. ఆ పుస్తకం వైపు మనిషినే అనుకుంటూ ఇన్నేళ్లు గడిపాను. ఆ పేజీలో ఉన్నవాళ్లలో మన హాల్లో నాకు ఎదురయ్యేవాళ్లు ఇంకెందరున్నారో నేను చూడలేదు, చూసినా చెప్పను. మీ మీ ఇళ్లలో ఒకసారి విచారించుకోండి, అంతే.

మర్నాడు వెళ్లి బాకీ కట్టేశాను. ఆయన గీత కొట్టి, "మీరిస్తరని తెల్సు సార్" అన్నారు. అడగకుండా ఎందుకు ఊరుకున్నారంటే, అడిగితే రెండోసారి రారు కదా అన్నారు. అరువు ఎందుకు ఇస్తారో, వసూలు ఎందుకు కష్టమో ఏ పుస్తకమూ ఒక్క మాటలో ఇలా చెప్పదు.

రెండో వీడియో రెండున్నర నిమిషాలు వచ్చింది. గొంతు మా అమ్మాయిదే, తెలుగే, అక్కడక్కడా తడబాటు ఉంది. సంగీతం లేదు, వెనక మిషను చప్పుడే. చివరి ఫొటోలో మూసిన పుస్తకం, దాని మీద ఆయన చెయ్యి. దాన్ని ఇంగ్లీషు అక్షరాలతో టీచరుకు చూపించింది. టీచరమ్మకు నచ్చింది. కానీ మార్కుల పట్టికలో సంగీతానికి, బొమ్మల మార్పులకు, ఆకర్షణకు గడులున్నాయి, లెక్కకు గడి లేదు. మొదటి వీడియోకన్నా దీనికి తక్కువే వస్తాయని ఆవిడే చెప్పారట. ఆవిడ తప్పేం లేదు. ముప్పైమంది పిల్లలు, నలభై నిమిషాల పీరియడు, పైనుంచి వచ్చిన పట్టిక.

నా అభిప్రాయం ఇక్కడే. డిజిటల్ కథ మిడిల్ స్కూలు వ్యాపార పాఠానికి చక్కటి సాధనం. ఇప్పుడు చాలాచోట్ల చేయిస్తున్నట్టు చేయిస్తే మాత్రం అది ప్రకటన తయారుచేయడం నేర్పుతుంది. కెమెరా కంటే ముందు ఒక పేజీ లెక్క టీచరు చేతికి రావాలి. ఆ పేజీ లేని వీడియోను చూడనే కూడదంటాను. గొంతు పిల్లదే అయి ఉండాలి, యాస ఏదైనా సరే. కృత్రిమ మేధతో ఉపశీర్షికలు వేయించుకోవచ్చు, దానికి నాకు అభ్యంతరం లేదు. మనిషి ఏది చూపించవద్దన్నాడో అది చూపించకపోవడం కూడా మార్కులున్న విషయం కావాలి. నన్నడిగితే దీనికి బహుమతులు కూడా వద్దు. బహుమతి ఉందంటే చాలు, మళ్లీ రాకెట్ సంగీతం దిగుతుంది. తల్లిదండ్రులే రాత్రి కూర్చుని ఎడిటింగ్ చేస్తారు, ఈ విషయంలో మనమేమీ తక్కువ తినలేదు.

కొందరు మిత్రులు వేరే మాట అన్నారు. పనిచేసుకునేవాళ్ల దగ్గరికి పిల్లల్ని పంపి వాళ్ల కష్టాన్ని ప్రాజెక్టు చేయడం ఏం మర్యాద అని. ఈ మాటలో పస ఉంది. వాళ్ల అప్పును తెర మీద వేసి మన ఏసీ హాల్లో చప్పట్లు కొట్టడం నాకూ నచ్చదు. అందుకే పని ఉన్న వేళ వెళ్లకూడదు, పూర్తయ్యాక ముందు ఆ మనిషికే చూపించాలి, ఆయన సరేనంటేనే బడికి పోవాలి. ఒక్కొక్కరూ కాకుండా నలుగురేసి పిల్లలు ఒక దుకాణం తీసుకుంటే టీచరుకూ భారం తగ్గుతుంది, దుకాణదారుకూ విసుగు రాదు. మనలో సొంత వ్యాపారాలున్న సభ్యులున్నారు, కార్గో వాళ్లు, కూరగాయల వాళ్లు, టిఫిన్ సెంటరు నడిపే అక్కయ్యలు. నష్టం వచ్చిన ఏడాది గురించి పిల్లలకు దాచకుండా చెప్పగలిగితే వాళ్ల దగ్గరే మొదలుపెట్టవచ్చు. వచ్చే దసరాకు సినిమా పాటల డాన్సుల్లో ఒక్కటి తగ్గించి పదిహేను నిమిషాలు ఇస్తే ఇలాంటి కథలు ఐదు వేయవచ్చని సాంస్కృతిక కార్యదర్శి గారికి మనవి. ఏ డాన్సు తగ్గించాలో తేల్చే పని మాత్రం నాకు అప్పగించకండి.

మేము కూడా మా అమ్మాయి వీడియోను ముందు దర్జీ గారికే చూపించాం. రెండుసార్లు చూసి, తన ఫోనుకు పంపమని అడిగి, అప్పటికప్పుడే వాట్సాప్‌లో జగిత్యాలకు పంపారు. అక్కడ ఆయన కొడుకు బీకాం రెండో సంవత్సరం. పది నిమిషాల్లో ఫోన్ వచ్చింది. వీడియో బాగుందనో, మిషను కొత్తదా అనో అంటాడనుకున్నాను. ఆ అబ్బాయి అడిగిన మొదటి మాట, "బాపూ, అద్దె నూటయాభై దినార్లా?" అని. ఇన్నేళ్లలో ఆ అంకె ఆయన ఇంట్లో చెప్పలేదట. ఫోను పట్టుకుని దుకాణం బయటికి వెళ్లారు. చాలాసేపు మాట్లాడారు. మా అమ్మాయి, నేను లోపల మిషను దగ్గర కూర్చుని ఉన్నాం.